సికింద్రాబాద్ స్టేషన్ ఫిలింనగర్‌లో ఉంది

2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ ముందు భాగాన్ని కూల్చేసినప్పుడు మన గ్రూపుల్లో రెండు రోజులు ఒకటే సంతాపం. నిజాం కట్టించిన నూటయాభై ఏళ్ల బిల్డింగు పోయిందని ఒకరు, మా తాత మొదటిసారి సిటీకి వచ్చి ఇక్కడే దిగాడని ఇంకొకరు. పాత ఫొటో ఒకటి, దాని కింద ఏడుపు ఎమోజీల వరస, స్టేటస్‌లో విషాద సంగీతం. మూడో రోజుకి అందరం మన పనుల్లో పడిపోయాం.

ఆ సంతాపం మీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి, తేదీ తప్పు. రెండు, సంతాపంతోనే ఆగిపోవడం. రెండోదే అసలు విషయం, కానీ తేదీ సంగతి తేలకుండా దాని దగ్గరికి వెళ్ళలేం.

సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874 అక్టోబరులో. అంతవరకు నిజమే. కానీ మనం దేని కోసం ఏడ్చామో ఆ ముఖద్వారం, కోట బురుజుల్లాంటి ఆ పోర్టికో, దాని వెనక హాలు, ఇవి 1952లో కట్టినవి. ఒక్కసారి వరస పెట్టి చూడండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయిపోయింది. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 1951 నవంబరు 5న నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. ఉస్మాన్ అలీ ఖాన్ అప్పటికింకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడు గానీ రైల్వే మాత్రం ఆయనది కాదు. ఇవన్నీ అయ్యాక భారత ప్రభుత్వ రైల్వే కూర్చుని, కొత్తగా కట్టబోయే పోర్టికోకి పాత అసఫ్‌జాహీ రూపమే ఇచ్చింది.

నాకైతే ఇది "నిజాం కట్టించాడు" కన్నా వంద రెట్లు ఆసక్తిగా ఉంది. కాంక్రీటు పెట్టెల్లాంటి ఆఫీసులు కట్టుకుంటూ పోయే కాలం అప్పుడే మొదలవుతోంది. కావాలంటే దీన్నీ అలాగే లేపేయొచ్చు. రాజ్యం మారినా ఊరి ముఖం మార్చకూడదని ఎవరో ఒక ఇంజనీరో ఆర్కిటెక్టో డ్రాయింగ్ బోర్డు ముందు నిర్ణయం తీసుకున్నారన్నమాట. దాన్ని తీసుకెళ్ళి నిజాం ఖాతాలో వేసేసి ఏడ్చాం.

అసలు రైలు ఇక్కడికి ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. ప్రజల సౌకర్యం కోసం కాదు. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వాళ్ల కంటోన్మెంట్ ఉంది. బొంబాయి నుంచి మద్రాసు పోయే మెయిన్ లైను వాడి మీదుగా వెళ్తోంది. ఆ వాడి నుంచి కంటోన్మెంట్‌కి పటాలం, సరుకు చేరేసే దారి వాళ్లకి కావాలి. దారి వాళ్లకి, ఖర్చు నిజాం ప్రభుత్వానికి. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజులవి.

తర్వాత 1883లో ఇంకో పథకం వచ్చింది. లైనును బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించాలి. అందుకు లండన్‌లో ఒక కంపెనీ పెడతారు, డబ్బు అక్కడి మదుపుదారులు పెడతారు. లాభం వచ్చినా రాకపోయినా వాళ్లకి వడ్డీ గ్యారంటీ. ఆ గ్యారంటీ ఇచ్చేది హైదరాబాద్ ఖజానా. "నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అనే పేరులో మధ్యనున్న మాట అదే, నిజాం గారి హామీ. నష్టం మనది, నిశ్చింత వాళ్లది.

ఈ లెక్క ఏంటో మాకూ చూపించండి అని ఊళ్ళో చదువుకున్నవాళ్ళు అడిగారు. అలా అడిగినవాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ చేసి వచ్చిన కెమిస్ట్రీ మేష్టారు, తర్వాత నిజాం కాలేజీగా మారిన కాలేజీకి ప్రిన్సిపాలు, సరోజినీ నాయుడి తండ్రి. 1883 మే 20న ఆయన్ని రాజ్యం నుంచే బహిష్కరించారు. ఒక రైల్వే కాంట్రాక్టులో షరతులేంటని అడిగినందుకు! గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఇది "చాందా రైల్వే ఉద్యమం, 1883" అనే ఒక్క మార్కు ప్రశ్న. హైదరాబాద్ రాజ్యంలో ప్రజలు ప్రభుత్వాన్ని లెక్క అడిగిన మొదటి సందర్భంగా దాన్ని చెప్పుకుంటారు. తర్వాత ఆయన్ని తిరిగి రానిచ్చారు. ఆ కుటుంబం ఉన్న ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్, ఇప్పటికీ నాంపల్లిలోనే ఉంది. ఇంకో తమాషా చూడండి. బెజవాడ లైను 1889కల్లా పూర్తయిపోయింది గానీ, ఏ పేరు మీద అంత గొడవ జరిగిందో ఆ చాందా వైపు కాజీపేట నుంచి బల్లార్షాకి లైను కలవడానికి 1929 దాకా పట్టింది.

1930లో రాజ్యమే ఈ రైల్వేని కొనేసింది. రెండేళ్ళకి, 1932లో, అదే రైల్వే కింద ఒక రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులు నడిపింది. ఇవాళ మనం వేలాడుతూ వెళ్ళే ఆర్టీసీ బస్సుకి పుట్టిల్లు రైల్వేనే. బస్సు నంబరులో ఉండే జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు కదా, ఆ కథ కూడా ఇక్కడి నుంచే. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఇక మన ఏరియాకి వద్దాం. ఫిలింనగర్‌కి ఈ స్టేషన్‌తో ఏం సంబంధం?

చాలా ఉంది. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇక్కడికి మెల్లమెల్లగా మారుతున్న రోజుల్లో, 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు నుంచి హైదరాబాద్‌కి ఒక రాత్రి రైలు మొదలైంది. అదే ఇప్పటి గోదావరి ఎక్స్‌ప్రెస్. రెండేళ్ళకి, 1976లో, ఇక్కడ రాళ్ళగుట్టల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఒకదాని కోసం ఒకటి పెట్టారని నేను అనట్లేదు. కానీ అప్పటి నుంచి అనకాపల్లిలోనో రాజమండ్రిలోనో రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, ఎదురుగా ఆల్ఫా హోటల్లో చాయ్ తాగి, కృష్ణానగర్ ఎటు అని అడిగినవాళ్లెంతమందో. కృష్ణానగర్ గదుల్లో సినిమా వేషం కోసం ఎదురుచూసే మనుషుల ఊరు ముందు సికింద్రాబాద్ స్టేషన్‌లో మొదలవుతుంది. ఇప్పుడైతే సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగొచ్చు, రెండూ నాగోల్–రాయదుర్గం లైనులోనే ఉన్నాయి.

మనుషులు స్టేషన్ నుంచి ఫిలింనగర్‌కి వచ్చారు. స్టేషన్ కూడా వచ్చింది. సినిమాలో స్టేషన్ లేకుండా జరగదు కదా. హీరో ఊరొదిలి వెళ్ళాలన్నా, హీరోయిన్ చివరి నిమిషంలో పరిగెత్తాలన్నా, అన్నదమ్ములు తప్పిపోవాలన్నా ప్లాట్‌ఫామ్ కావాలి. నిజం స్టేషన్‌లో తీయాలంటే రైల్వే అనుమతి, ఫీజు, జనాన్ని ఆపడం, రైలు వచ్చే టైముకి షాట్ రెడీగా ఉంచడం. ఇదంతా పడలేక సెట్ వేసుకుంటారు. హయత్‌నగర్ దాటాక 1996లో మొదలైన రామోజీ ఫిలింసిటీలో ఏకంగా శాశ్వత రైల్వే స్టేషన్ సెట్టే ఉంది. పసుప్పచ్చ బోర్డు మీద నల్లక్షరాలు మార్చేస్తే చాలు, ఒక సినిమాలో ఆంధ్ర పల్లె, ఇంకో సినిమాలో ఉత్తరాది ఊరు.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది, ఎగతాళి చేయట్లేదు. వాళ్ళు రెక్కీకి వెళ్ళి, టేపు పట్టుకుని, తలుపు ఎత్తెంత, ఆర్చి వంపెంత, గోడ కింద తేమ మరక ఎంతవరకు పాకింది అని రాసుకొస్తారు. ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో దాన్ని లేపి, పైన పాతబడ్డ రంగు కొడతారు. షెడ్యూల్ అయిపోగానే పీకేస్తారు. సివిల్ చదివే మనలో ఎంతమంది ఒక పాత కట్టడం దగ్గర అలా టేపు పట్టుకుని నిలబడ్డాం? అబద్ధం స్టేషన్ కట్టేవాడు కొలిచాడు. నిజం స్టేషన్ పక్కన చదువుకున్నవాడు సెల్ఫీ దిగాడు.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, ఇంకో ఇరవై ఏళ్ళకి "పాత సికింద్రాబాద్ స్టేషన్ ఎలా ఉండేది" అని ఎవరైనా అడిగితే సినిమా క్లిప్పే చూపిస్తారు. అది సెట్టా, నిజమా, వేరే ఊరి స్టేషన్‌కి బోర్డు మార్చారా, ఎవరికీ పట్టదు.

ఇక్కడ కాస్త దూరం వెళ్ళొద్దాం. జమైకా రాజధాని కింగ్‌స్టన్ అంటే మనకి సబీనా పార్క్, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లు. కానీ ఆ దీవిలో రైలు 1845లోనే నడిచింది. మన బొంబాయి–ఠాణా రైలు 1853లో. అంటే మనకన్నా ఎనిమిదేళ్ళు ముందు. చెరకు తోటల దీవి కాబట్టి చక్కెర మోయడానికి రైలు అంత తొందరగా వచ్చింది. 1992లో అక్కడ ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. కింగ్‌స్టన్ స్టేషన్ మాత్రం అక్కడే నిలబడి ఉంది, టికెట్ కొనేవాడు లేకుండా.

అక్కడ కట్టడం ఉంది, రైలు లేదు. ఇక్కడ రైలుంది, కట్టడం లేదు. రెండింట్లో ఏది మేలని అడిగితే నేను నిస్సంకోచంగా మనదే అంటాను. బ్యాగులు మోసుకుంటూ ఆ ఇరుకు మెట్లు ఎక్కి దిగినవాళ్ళెవరైనా అదే అంటారు. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని, రెండు సూట్‌కేసులతో ఉన్న పెద్దావిడని ఆ స్టేషన్ ఎంత ఏడిపించిందో చూసినవాళ్ళకి తెలుసు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేసిన కొత్త స్టేషన్‌కి సుమారు 700 కోట్ల రూపాయలు పెడుతున్నారు. రద్దీ పంచుకోవడానికి చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు. ఇవన్నీ కావాల్సినవే. పాతదాన్ని ముట్టుకోకూడదని కూర్చుంటే ఊరు మ్యూజియం అవుతుంది, అందులో బతికేవాడికి ఊపిరాడదు. ముఖద్వారం వరకైనా ఉంచి వెనక కట్టుకోవచ్చు కదా అనే వాదన నాకూ నచ్చుతుంది. కానీ అది అయిపోయిన ముచ్చట.

నా పేచీ కూల్చడంతో కాదు, కూల్చాక మన దగ్గర ఏం మిగిలిందన్న దాంతో. రైల్వే ఆఫీసు బీరువాల్లో ఏ డ్రాయింగులున్నా అవి మన చేతికి వచ్చేవి కావు. మన చేతిలో ఉన్నవి మన ఫోన్లు, మన ల్యాబులు, పక్కనే ఫిలింనగర్. ఈ మూడూ చాలు అనేదే నేను చెప్పదలుచుకున్నది.

2009లో అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఒక పని చేశారు. ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న రోమ్ నగరం టూరిస్టు ఫొటోలు సుమారు లక్షన్నర తీసుకుని, ఒక్క రోజులోపు కంప్యూటర్లకి మేపి, కొలోసియం లాంటి కట్టడాల త్రీడీ రూపం బయటికి లాగారు. ఆ పేపర్ పేరే "ఒక్క రోజులో రోమ్‌ను కట్టడం" అనే అర్థంలో ఉంటుంది. ఎవరూ కొలవడానికి తీసిన ఫొటోలు కావవి. హనీమూన్ ఫొటోలు, ఐస్‌క్రీమ్ ఫొటోలు. సూత్రం మన సర్వేయింగ్ క్లాసుదే. ఒకే ఆర్చి మూల మూడు నాలుగు ఫొటోల్లో వేర్వేరు కోణాల్లో పడితే, కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఆ మూల ఎక్కడుందో ఒకేసారి లెక్క కట్టొచ్చు. ఇప్పుడు ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ఆ ల్యాప్‌టాప్‌లు మన హాస్టల్లో ఎందుకున్నాయో నేను చెప్పక్కర్లేదు.

సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఎన్ని ఫొటోలు తీసి ఉంటారు! సెలవులకి ఊరెళ్ళే ముందు, వచ్చాక, ఫ్రెండ్ని దించడానికి వెళ్ళినప్పుడు. మనిషి మొహం మధ్యలో ఉంటుంది, వెనక బురుజు. మొహం మీకు ముఖ్యం, ఆ బురుజు ఈ పనికి ముఖ్యం.

ఒక చిక్కుంది. ఇలా కట్టిన మోడల్‌కి ఆకారం వస్తుంది గానీ సైజు రాదు. అది అగ్గిపెట్టె అంత బొమ్మో అసలు బిల్డింగో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. తెలిసిన కొలత ఒక్కటైనా ఫొటోలో ఉండాలి. ప్లాట్‌ఫామ్ వైపు ఇది చాలా తేలిక, పట్టాలే ఉన్నాయి కదా. బ్రాడ్ గేజ్ అంటే రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, దేశంలో ఎక్కడైనా అంతే. ముందు వైపు పట్టాలుండవు కాబట్టి నిలబడ్డ బండ్లని పట్టుకోవాలి. పాత ఫొటోలో అంబాసిడర్ కారుంటే అది సుమారు 4.3 మీటర్ల పొడవు. ఆటో ఉంటే దాని మోడల్ చూసి కంపెనీ ఇచ్చే కొలతలు వెతకొచ్చు. పోర్టికో పక్కన నిలబెట్టిన ఆటో వల్ల ఆ పోర్టికో ఎత్తు తేలుతుందంటే ఆటో అన్నలకి కూడా చరిత్రలో చోటు దొరికినట్టే.

ఇక్కడే ఫిలింనగర్ పనికొస్తుంది. ఫోన్ కెమెరాలు లేని రోజుల్లో ఆ స్టేషన్‌ని కదిలే కెమెరాతో, మంచి లెన్సుతో, నిలకడగా తీసింది సినిమావాళ్ళే. హీరో దిగే షాట్‌కి ముందు కెమెరా మెల్లగా అటు నుంచి ఇటు తిరుగుతుంది చూడండి, ఆ ఐదారు సెకన్లలో నూరుకి పైగా ఫ్రేములుంటాయి. కెమెరా ట్రాలీ మీదో క్రేన్ మీదో జరిగితే మనకి పండగే, ప్రతి ఫ్రేమూ కొంచెం వేరే చోటు నుంచి తీసినట్టు లెక్క. ఉన్నచోటే తల తిప్పే షాట్ అయితే అంత ఉపయోగపడదు, లోతు తెలీదు. విడుదలైన సినిమాలో ఉన్నవే కాదు, ఎడిటింగ్‌లో తీసేసినవీ ఉంటాయి. అవి ఎవరి లాబుల్లో, ఎవరి గోడౌన్లలో ఉన్నాయో వెళ్ళి అడగాలి. మన కాలేజీ నుంచి అంత దూరమేం కాదు. సినిమా కోసమే వాళ్ళు కొలిచి తెచ్చుకున్న కాగితాలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే అంతకన్నా అదృష్టం లేదు.

అయితే సినిమాని గుడ్డిగా నమ్మకూడదు. ముందు అది సెట్ కాదని తేల్చాలి, బోర్డు నమ్మకుండా చుట్టుపక్కల చూసి తేల్చాలి. బయటి షాట్ ఒక స్టేషన్‌లో, లోపలి షాట్ ఇంకో స్టేషన్‌లో తీయడం వాళ్లకి మామూలే. ఈ పని కోడ్ రాసేవాడి వల్ల కాదు, కూర్చుని సినిమాలు చూసేవాళ్ల వల్ల అవుతుంది. మన సాహితీ క్లబ్బుకి ఇంతకన్నా తగిన పని నాకు కనబడట్లేదు. ఏ సినిమా, ఏ సంవత్సరం, ఎన్నో నిమిషం, ఏ వైపు కనబడుతోంది, సెట్టా నిజమా, ఎందుకలా అనుకుంటున్నావు. నాలుగు వాక్యాలు రాయడమే.

సికింద్రాబాద్‌ది పోస్ట్‌మార్టమ్. కాచిగూడ ఇంకా బతికే ఉంది. అది నిజంగా నిజాం కాలం కట్టడం, 1916 నాటిది. గుమ్మటాలు, మినార్లు, ఆర్చీలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. రైళ్ళూ నడుస్తున్నాయి. దాన్ని కూలుస్తారని నేను అనట్లేదు, పుకారు పుట్టించకండి. కానీ వాడుకలో ఉన్న కట్టడం రోజూ కొంచెం మారుతూనే ఉంటుంది. ఒక ఏసీ డక్టు, ఒక గ్లాసు తలుపు, ఒక ప్రకటన బోర్డు. ఇవాళ కొలిచి పెట్టుకుంటే రేపు ఏం మారిందో తెలుస్తుంది. మన సర్వే ల్యాబులో టోటల్ స్టేషన్ ఉంది. సెమిస్టర్‌కి ఒకసారి బయటికి తీసి, గ్రౌండ్‌లో వాలీబాల్ స్తంభం ఎత్తు కొలిచి, మళ్ళీ పెట్టెలో పెడతాం. ఆ స్తంభం ఎత్తు ఈపాటికి దేశంలోనే అందరికన్నా బాగా మనకే తెలిసి ఉంటుంది. దాన్ని ఒక్క ఆదివారం కాచిగూడ ముందు పెడదామా అని సివిల్ డిపార్ట్‌మెంట్ సార్లని, మేడమ్‌లని అడుగుతున్నాను. రైల్వే అనుమతికి కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయాలి, అది కుర్రాళ్ల వల్ల అయ్యేది కాదు. ఎవరూ ఉత్సాహం ఆపుకోలేక డ్రోన్ మాత్రం ఎగరేయకండి, ఫొటోల బదులు కేసు వస్తుంది.

అనుమతి వచ్చేలోపు సికింద్రాబాద్ పని మొదలుపెట్టొచ్చు. 2025 ఫిబ్రవరికి ముందు ఆ స్టేషన్ ముందు తీసుకున్న ఫొటోలు, వీడియోలు ఉంటే క్లబ్బు డ్రైవ్‌లో పెట్టండి. ఇంట్లో ఆల్బమ్‌లో పాతవుంటే స్కాన్ చేయండి, స్కానర్ లేకపోతే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ తిన్నగా పట్టుకుని తీయండి. వెనక తేదీ రాసి ఉంటే ఆ వైపు కూడా. మొహాలు కనబడటం ఇష్టం లేకపోతే మొహం మీద మచ్చ పెట్టి పంపండి గానీ ఫొటోని కత్తిరించకండి, కత్తిరిస్తే లెన్సు లెక్క తప్పుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా మాత్రం పంపొద్దు. అది సైజు నలిపేసి, ఎప్పుడు ఏ లెన్సుతో తీశారన్న వివరాలు తుడిచేస్తుంది.